సంచిలో కార్డు

తబిత పద్దెనిమిదేళ్లుగా రోజూ పొద్దున్నే మొగుడి డ్యూటీ సంచిలో అన్నం క్యారేజీ పెడుతుంది. దాని పక్కన, ప్లాస్టిక్ కవరులో, ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క మెడికల్ కార్డు కూడా పెడుతుంది. అలా పెట్టమన్నది అత్త సుజాతమ్మ. "ఉజ్జోగం ఆడిది, కార్డూ ఆడిదే. ఆడి కాడే ఉండాల." తబితకీ అందులో తప్పేం కనిపించలేదు. ఆ కార్డులో తన ఫొటో కూడా ఉందన్న సంగతే మర్చిపోయింది.

ఇవాళ క్యారేజీ సంచిలోకి వెళ్లింది. కార్డు చేతిలోనే ఆగింది.

నెల కిందట, విరిగిన కాలికి కట్టు విప్పిన నాలుగో రోజు, బట్టలు ఉతుకుతుంటే ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. ఆ కాలి పిక్క అప్పటికే రెండు రోజులుగా వాచి, వేడిగా ఉంది. ఛాతీలో పొడుస్తోంది. "గేసు. కాసింత వాము నమిలీ" అంది అత్త. వర్క్‌షాపులో ఉన్న మొగుడు ఎబినేజర్‌కి ఫోన్ చేస్తే, "కార్డు నా కాడుంది కదే. సాయంత్రం డ్యూటీ సైరనయ్యాక ఒచ్చేస్తాను, ఎల్దాం" అన్నాడు. కసరలేదు, విసుక్కోలేదు. ఎంత తేలిగ్గా అన్నాడో! తబిత కూడా, ఎంత పిచ్చిదో, ఆ సైరన్ కోసం గోడకి ఆనుకుని కూర్చుంది. కార్డు లేకుండా ఆసుపత్రి గుమ్మం తొక్కవచ్చన్న ఆలోచనే రాలేదు. పొయ్యి మీద అన్నం ఎవరు వారుస్తారా అని మాత్రం దిగులుపడింది.

గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పక్క క్వార్టరు మీనాకుమారి ఆమె నల్లబడిన పెదాలు చూసింది, కాలు చూసింది. "కార్డు మీవోళ్లు తరవాత తెచ్చుకుంతారు. లెగు" అని వీపు మీద చెయ్యేసి టోటో బ్యాటరీ రిక్షా ఎక్కించింది. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందన్నాడు డాక్టరు. వెంటనే మందు ఎక్కించారు. "ఠీక్ టైముకి వచ్చారు దీదీ. సాయంత్రం దాకా ఆగి ఉంటే ఏం చెప్పలేను."

బతికింది. రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకుంటోంది. కానీ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే ఒక లైనైనా ఒక్క ఊపిరిలో రావడం లేదు. ఆ ఊపిరి కావాలి తనకి. పైకి చెప్పుకోలేని కోరిక ఇంకొకటుంది. మీనాకుమారి వేసినట్టు ఎబినేజర్ ఒక్కసారి వీపు మీద చెయ్యి వెయ్యాలి. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అతను అడిగింది, "రేపు క్యారేజీ ఎలాగ?" అని. ఊపిరెలాగుందని ఇంటికొచ్చాకైనా అడుగుతాడేమోనని సాయంత్రం సైరన్ కూయగానే తలుపు వైపు చూస్తుంది. రోజూ చూస్తుంది.

"ఏటే, కార్డేదీ?" ఎబినేజర్ సంచి తడుముకున్నాడు.

"నా కాడుంది."

"నీకేటికి?"

"అందులో నా ఫొటో ఉంది." కవరు మడిచి జాకెట్లో దోపుకుంది.

అతను గడియారం చూసుకుని సైకిలు తీశాడు. తబిత గుమ్మం దాకా వెళ్లింది.

"ఊపిరెలాగుందని నువ్వు అడుగుతావని సూస్తానే ఉంతాను. అందకపోతే మాత్రం, నీ సైరన్ దాకా ఇంక ఆగను."