గురుతులు కనబడని మూడు రోజులు

ఆ కబురు నా కంప్యూటరు మీద నలభై రోజులు వచ్చింది. రోజూ మధ్యాహ్నం ఎండుచేపలు తిరగేసి, చేతులు కడుక్కుని మిషను ముందు కూర్చోగానే వచ్చేది. అక్షరాలు ఇంగ్లీషువి. ఆశ చదివి చెప్పింది: లోపల ఉన్న పాత పద్ధతికి ఇక కాపలా ఉండదట, కొత్తది ఉచితంగా వేస్తారట, ఇప్పుడా తర్వాతా అని అడుగుతోందట. ఆశ మా బావగారి మనవరాలు. రుషికొండలో ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. "తర్వాత" అన్న గడి ఎడమవైపు ఉంటుందని చూపించింది. నేను రోజూ ఎడమవైపే నొక్కేదాన్ని.

"ఎన్నాళ్ళు తరవాతంటావు మామ్మా?" అనేది ఆశ. "గొళ్ళెం లేని ఇల్లయిపోద్ది. దొంగలు దూరతారు. ఫ్రీగా ఇత్తంటే నీకేటి నొప్పి?"

"ఫ్రీగా ఇత్తన్నోడు నా సామాను ఎక్కడ పెడతాడో సెప్పాడా?"

"ఎక్కడిదక్కడే ఉంటాది. మా ఆఫీసులో నాలుగొందల మిషన్లకి ఏశారు. ఏటీ అవ్వలేదు."

"మీ ఆఫీసులో సెడితే బాగుసేసీ వోళ్ళు పదిమందుంటారే. నాకెవరున్నారు?"

"నాను లేనా!" అని నవ్వి, చెప్పులేసుకుని బస్సు కోసం పరుగెత్తింది.

గురునాథరావు గారిని అడిగాను. సీతమ్మధారలో ఆయనకి శుభలేఖలు, అర్జీలు టైపు చేసే కొట్టు ఉంది. పన్నెండేళ్ళు ఆ కొట్టు ఊడ్చాను. నాకు అక్షరాలు పలక మీద రాలేదు, అక్కడి మీటల మీద వచ్చాయి. ఆయన ఒక్కొక్క మీట మీద తెలుగు అక్షరం రాసిన చిన్న కాగితం అంటించి, పైన టేపు వేశారు. కొట్టుకి కొత్త మిషను వచ్చాక పాతది నాకు ఇచ్చేశారు.

"పనిచేస్తున్నదాన్ని కదపకూడదు పోతమ్మా" అన్నారు.

"మరి దొంగలు దూరతారంటండి?"

"అదీ నిజమే" అని కళ్ళజోడు తుడుచుకున్నారు. రెండూ నిజమే అయినప్పుడు నేను ఏ గడి నొక్కాలో ఆయన చెప్పలేదు.

మిషనులో నాది అంటూ ఉన్నవి పదకొండు పేజీలు. మా ఆయనకి అన్న, మా బావ అర్జునరావు చెప్పిన గురుతులు. సముద్రం మీద దారి ఉండదు. పడవ మీద నిలబడి ఒడ్డుకేసి చూసి, ఒక దాని వెనక ఒకటి రావలసిన రెంటిని పట్టుకుంటారు. ఇంకోవైపు ఇంకో రెంటిని. ఆ రెండు చూపులూ కలిసినచోట నీళ్ళ అడుగున బండ ఉంటుంది, బండని పట్టుకుని చేప ఉంటుంది. "స్టీలు ప్లాంటు గొట్టం డాల్ఫిన్ నోస్ కొండ బుజమెక్కి కూకోవాల. ఇటు కైలాసగిరి ఎనకాల సింహాచలం కొండ ఏలెడంత కనపడాల" అని బావ చెబుతుంటే ఇంటి అరుగు ఊగినట్టుండేది. కిందటేడు చేపలవేట నిషేధం అరవై రోజులూ ఆయన వల అల్లుతూ చెప్పాడు, నేను రాశాను.

కొడుకు నాగబాబుకి చెప్పకుండా నాకెందుకు చెప్పావని అడిగితే, "ఆడికి సెప్తే సిల్లికుండలో పోసినట్టే. జాలరిపేటంతా తాగేత్తాది. నానింక పడవెక్కలేను అన్నరోజున నువ్వియ్యి" అన్నాడు. ఆఖరి పేజీ అయ్యాక మిషనుని వేలితో తట్టి అడిగాడు.

"ఇందులో ఎడితే పోదు గదా, పోతమ్మా?"

"పోదు బావా" అన్నాను.

శ్రావణంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా పోయాయి. చెవులూ ఎడమచెయ్యీ మిగిలాయి. ఆయన మంచం మిషను ఉన్న గదిలోనే వేశాం. చలిగాలులు మొదలై వంజరం చేప వచ్చే రోజులు దగ్గర పడ్డాక నాగబాబు వచ్చి మంచం పక్కన కూర్చుని, "అయ్యా, ఇప్పుడైనా ఇప్పించు" అన్నాడు. బావ నాకేసి చూసి కళ్ళు మూసి తెరిచాడు. ఆదివారం కాగితం మీద రాసి ఇస్తానని నాగబాబుకి మాటిచ్చాను.

గురువారం మధ్యాహ్నం కబురు మళ్ళీ వచ్చింది. దొంగలనగానే నాకు వేరే పడవల వాళ్ళే కళ్ళ ముందు నిలబడ్డారు. ఎవడో ఎక్కడో కూర్చుని మా బావ బండల్ని ఒక్కొక్కటే ఎత్తుకుపోతున్నట్టు అనిపించింది. ఆదివారం దాకా కాపలా ఉండాలి కదా అనుకుని కుడివైపు నొక్కాను.

తెర నీలంగా అయిపోయింది. పైన ఏమీ లేని నీలం. మధ్యలో తెల్లటి చుక్కలు వలయంగా తిరగసాగాయి. కింద అంకెలు: నాలుగు, తొమ్మిది, పదకొండు. అంకెలు నాకు వచ్చు. ముప్ఫై దగ్గర అది చాలాసేపు నిలబడిపోయింది. గాలి పడిపోయిన పూట తెరచాప వేలాడినట్టు గదంతా వేలాడింది. మంచం మీద బావ కూడా ఆ చుక్కలనే చూస్తున్నాడు. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. నీళ్ళ అడుగున నడుస్తున్నాను. బండలన్నీ కదులుతున్నాయి, ఎవరో మెల్లగా సర్దుతున్నట్టు. "ఎక్కడిదక్కడే ఉంటాది" అని ఎవరిదో గొంతు. కళ్ళు తెరిచేసరికి నూరు అయింది.

అంతా కొత్తగా, కడిగి ముగ్గేసిన వాకిలిలా ఉంది. నా పేజీలు తెరిచాను. పదకొండూ ఉన్నాయి. వాటిలో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు గుర్తులు, వాటి మధ్య టోపీలూ తోకలూ పెట్టుకున్న వింత గుర్తులు, చీమల బారుల్లా.

ఆశకి ఫోను చేశాను. "ఆగు మామ్మా, డ్యూటీలో ఉన్నాను. ఏటీ నొక్కకు. ఆదివారం వత్తాను" అంది. గురునాథరావు గారి కొట్టుకి వెళితే తాళం. ఎలమంచిలిలో పెళ్ళికి వెళ్ళారట, ఫోను ఎత్తడం లేదు. నాగబాబు వచ్చి తెర చూసి తల గోక్కున్నాడు.

"ఏటిది పిన్నీ, సేపల బాస?"

"నోరుముయ్యరా."

"మా అయ్య అరవై ఏళ్ళు గుండెలో దాసాడు, ఏటీ అవ్వలేదు. నువ్వొక పూటలో..." అని, తండ్రి వింటున్నాడని గుర్తొచ్చి ఆగిపోయాడు. బావ గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ అన్నం తినలేకపోయాను.

శుక్రవారం ఊరికే తెర ముందు కూర్చున్నాను. కోపం కూడా అలిసిపోయింది. ఆ గుర్తులు చూస్తూ చూస్తూ ఉంటే వాటికి రూపాలు వచ్చాయి. ఒకటి పడుకున్న పాము. ఒకటి రెండు కొండలు. ఒకటి గాలం, తిన్నగా దిగి కొసన వంకర తిరిగి. ఈ గాలాన్ని ఎక్కడో చూశాను అనుకుంటూ కిందకి చూస్తే, కుడి చూపుడువేలు ఆనుకునే మీట మూల, టేపు కింద, అదే గాలం. దాని పక్కన గురునాథరావు గారు అంటించిన కాగితం మీద తెలుగు అక్షరం.

పాము ఎక్కడుందో వెతికాను. ఉంది. రెండు కొండలూ ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ మీటల మూలలకేసి నేను చూడనేలేదు.

అప్పటినుంచి తెర మీద ఒక గుర్తు చూడటం, అది ఏ మీట మూల ఉందో వెతకటం, పక్కన కాగితం మీది అక్షరం పైకి పలకటం. రూపం పెద్దదైతే ఒత్తు, చిన్నదైతే మామూలు. రెండోపూటకి వెతకటం పోయింది. కళ్ళు గుర్తుని చూసేవి, వేలు దానంతటదే మీట మీదికి వెళ్ళేది, నోరు పలికేది. టోపీలూ తోకలూ ఉన్నవి ఏ మీట మీదా లేవు. అక్కడ కన్నం. "డా... ఫి... కొండ బుజం" అని నేను పలికితే గోడకేసి తిరిగిన వీపు కొంచెం కదిలింది. తర్వాత ఆయన ఇటు తిరిగాడు.

కన్నం దగ్గర నాకు తోచింది చెప్పేదాన్ని. తప్పయితే ఎడమచేత్తో మంచంపట్టె మీద రెండుసార్లు కొట్టేవాడు, ఒప్పయితే ఒక్కసారి. నోటుపుస్తకంలో రాసుకున్నాను. శనివారమంతా అలాగే గడిచింది. ఆ గదిలో కూర్చుని మేమిద్దరం సముద్రమంతా తిరిగాం. బండ తర్వాత బండ దాటుతుంటే నాకు ఇంట్లో ఉప్పుగాలి తగిలింది. ఆయన ముఖం మీద ఎండ పడ్డట్టుంది. ఒకచోట నేను కొండ వెనకాల కొండని తారుమారుగా చెబితే ఆయన నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. పూర్వం నన్ను తిట్టేటప్పుడు వచ్చే శబ్దమే.

పదకొండో పేజీ వంజరం బండ. అన్నిటికంటే పెద్దది, ఆయనకి తప్ప ఎవరికీ తెలియనిది. సరిగ్గా అక్కడే ఒక కొండ పేరంతా టోపీలూ తోకలే. ఏం రాశానో ఎంత తలచుకున్నా రాలేదు.

"ఇదొక్కటీ పోయింది బావా" అన్నాను. "నాకు గుర్తు లేదు. తప్పు నాదే."

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు పడుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. తర్వాత చెయ్యెత్తి వాకిలి చూపించాడు. మంచం లాగి వాకిట్లో వేశాను. ఆయన సముద్రానికి వీపుపెట్టి ఒడ్డు కొండలన్నిటినీ ఒక కొస నుంచి ఇంకో కొసకి చూశాడు, పడవలో నిలబడి చూసినట్టు. నేను ఒక్కొక్క కొండ పేరూ చెబుతూ వచ్చాను. రెండు దెబ్బలు. రెండు దెబ్బలు. ఒక పేరు దగ్గర చెయ్యి గాలిలో ఆగింది. మెల్లగా దిగి పట్టెని ఒక్కసారి తాకింది.

రాసుకున్నాను.

ఆదివారం ఆశ వచ్చింది. గురునాథరావు గారికి ఫోను చేసి ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఇరవై నిమిషాల్లో పేజీల్లో తెలుగు లేచి కూర్చుంది.

"ఏటీ పోలేదు మామ్మా. కొత్తదాంట్లోకి నీ పాత ఫాంటు, అచ్చరాల పెట్టి, రాలేదు, అంతే. రాతంతా లోపలే ఉంది. సెప్పాను గదా!"

"లోపల ఉంటే నాకేటే? రోజంతా మీ తాత గోడకేసి సూశాడు. అది ఎవరి లెక్కలోకెళ్తాది?"

"నొక్కేముందు నాను పక్కనుండాల్సింది" అంది ఆశ. మా పేటలో ఎవరైనా ఉచితంగా వచ్చిన ఆ కొత్తదాన్ని వేయించుకోవచ్చా అని నన్నడిగితే నేనూ అదే చెబుతాను. వేయించుకోండి. పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని వేయించుకోండి, ముందు ఒక కాపీ కాగితం మీద పెట్టుకోండి.

నోటుపుస్తకాన్ని తెరతో సరిచూశాను. పది పేజీలు, ఒకటి రెండు తప్పులు తప్ప, కలిశాయి. పదకొండో పేజీలో కలవలేదు. తెర మీద ఒక కొండ ఉంది, పుస్తకంలో వేరే కొండ.

"ఆశా, ఇది కొండల్ని కూడా మారుత్తాదా?"

"అచ్చరాల బొమ్మ మారుత్తాది గానీ కొండల్నెక్కడ మారుత్తాది మామ్మా!"

కిందటేడు నా చేత్తో రాసినదే తెర మీద ఉంది. అది బావ నోటితో చెప్పినది. వేటగాడు అన్ని గురుతులూ చెప్పి ఒక్కటి వంకరగా చెబుతాడని మా ఆయన ఒకసారి నవ్వుతూ అన్నాడు. మా ఆయనకీ బావ అలాగే చెప్పి ఉంటాడు.

పుస్తకం పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాను. "బావా, ఏది నిజం?" అని రెండు పేర్లూ చెప్పబోయాను. రెండోది నోట్లో ఉండగానే ఆయన ఎడమచెయ్యి లేచి, చూపుడువేలు నా పెదాల మీద ఆనింది. పనిచేసే సగం ముఖంతో నవ్వుతున్నాడు, పట్టుబడ్డ పిల్లాడిలా.

నాగబాబుకి పుస్తకంలోని కాగితాలు చింపి ఇచ్చాను. మంగళవారం తెల్లారి వెళ్ళి, పొద్దెక్కేసరికి వంజరాలతో వచ్చాడు. తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మిషనులోని పేజీని నేను దిద్దలేదు. దొంగలు వస్తే దాన్నే ఎత్తుకుపోతారు. ఆ కొండ పేరు ఇక్కడా రాయడం లేదు.