మిల్లీమీటర్ మావయ్య వండిన కూర

కోడలి కుడి మణికట్టు విరిగిన నాలుగో రోజు పొద్దున పెద్దాయన వంటింట్లో అడుగుపెట్టాడు. మంచినీళ్ల కోసం కాదు, వండడానికి.

అంతకుముందు ఆయన పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇనుప కడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కేవాడు. కొలిచిందే మళ్లీ కొలుస్తాడని తోటివాళ్లు ఆయనకు మిల్లీమీటర్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. కోడలు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నవ్వుతూ 'మిల్లీమీటర్ మావయ్య' అనేది. ఇప్పుడు అనడం మానేసింది. నిజానికి ఆ ఇంట్లో మావాకోడళ్ల మధ్య మాటలే సరిగ్గా లేవు.

కోడలు ఆస్పత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. తడిమెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు తియ్యకూడదన్నారు. పనిలో పనిగా రక్తం పరీక్ష చేస్తే, ఊళ్లో వాళ్ల రక్తమంతా చూసే మనిషికే రక్తం లేదని తేలింది. రోజూ ఆకుకూరలు తినమని డాక్టరు చెప్పాడు. ఎంతోమందికి తను చెప్పే మాటే కాబట్టి ఆవిడ తలూపి ఊరుకుంది.

కొడుకు లారీ డ్రైవరు. మూడు రోజులు ఇంట్లో ఉండి, ఇక లోడు ఆగదని బయల్దేరాడు. "హోటల్ నుంచి క్యారియర్ తెప్పించుకోండి నాన్నా" అని చెప్పి వెళ్లాడు. ఆ క్యారియర్ కూర మీద వేలెడు నూనె తేలింది. తొమ్మిదేళ్ల మనవరాలు కంచంలో నాలుగు మెతుకులు ఏరుకుని లేచిపోయింది. ఎప్పుడూ అంతే తింటుందని ఆ పిల్లకు పిచ్చుక అని పేరు.

నాలుగో రోజు పొద్దున పెద్దాయన హాల్లో పేపరు చదువుతుంటే వంటింట్లోంచి టకటకమని చప్పుడు వచ్చింది. వెళ్లి చూస్తే కోడలు ఎడమచేత్తో కత్తి పట్టుకుని ఉల్లిపాయతో కుస్తీ పడుతోంది. కట్టు ఉన్న చేతిని ఉల్లిపాయ మీద అదిమిపెట్టింది. కత్తి జారితే వేళ్లే.

"పిచ్చుకా, మీ అమ్మను పక్కకు రమ్మను. ఇవాళ్టి నుంచి వంట నేను చేస్తాను" అన్నాడు.

పిచ్చుక పళ్లు తోముకుంటూ తల్లి వైపు చూసింది. "మీ తాతయ్యను చెయ్యి కాల్చుకోవద్దని చెప్పు" అని కోడలు కత్తి కింద పెట్టి వెళ్లిపోయింది.

ఇలా మనిషిని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకోవడం రెండేళ్ల కిందట మొదలైంది. అప్పుడు పెద్దాయన భార్య పోయింది. నెల తిరక్కుండా ఆయన చెల్లెలు భర్తతో, పిల్లలతో చూడవచ్చింది. కోడలు తోటకూర వండి వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని పళ్లెం జరిపేశాడు. "ఎవరెంత చేసినా ఆవిడ చేతి రుచి రాదులే" అన్నాడు. చెల్లెలు అవునంటే అవునంది. కోడలు ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ ఆ ఇంట్లో ఆకుకూర వండలేదు. ఆయనకూ తప్పు చేశానని తెలియకపోలేదు. ఇవాళ కాకపోతే రేపు సర్దిచెబుదామనుకున్నాడు. రేపు రేపంటూనే మాట పట్టింపు గోడలా లేచింది.

ఆ రోజు ఆయన వీధి చివర ఆకుకూరలమ్మే ఆవిడ దగ్గరకు వెళ్లి తోటకూర అడిగాడు. ఎన్ని కట్టలని అడిగితే నీళ్లు నమిలాడు. ముగ్గురికి అన్నాడు. ఆవిడ నాలుగు కట్టలు చేతిలో పెట్టింది. ఇంటికి తెచ్చి విప్పితే వంటగట్టు నిండిపోయింది. ఇంత ఎవరు తింటారని సగం ఫ్రిజ్‌లో పెట్టాడు. మిగతాది జల్లెట్లో వేసి కుళాయి కింద పట్టాడు, తరిగాడు, మూకుట్లో వేశాడు. కుప్ప చూసి ఉప్పు వేశాడు. రెండు నిమిషాలు అటు తిరిగి ఇటు తిరిగేసరికి కుప్ప మాయమైంది. మూకుడు అడుగున గుప్పెడు కూర మిగిలింది. ఉప్పు మాత్రం కుప్పంత అలాగే ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పిచ్చుక మొదటి ముద్దకే మొహం చిట్లించింది. "తాతయ్యా, సముద్రంలో కడిగావా?" అంది. రెండో ముద్దకు కరకరమంది. "ఇసుక కూడా ఉంది."

పెద్దాయన కోడలి వైపు చూశాడు. ఆవిడ ఎడమచేత్తో చెంచా పట్టుకుని తల వంచుకుని తింటోంది. ఇప్పుడంటుంది, ఆనాడు నేనన్న మాట నాకు అప్పజెబుతుంది, అనుకున్నాడు. అనిపించుకోవడానికి సిద్ధపడే కూర్చున్నాడు. ఆవిడ వేసుకున్నదంతా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, లేచి వెళ్లిపోయింది. ఒక్క మాట అని ఉంటే ఆయనకు అన్నం దిగేది.

సాయంత్రం కూరలావిడ దగ్గరకు మళ్లీ వెళ్లాడు. ఆవిడ ఆయన మొహం చూసే గ్రహించింది.

"ఉప్పు ముందే వేశారా పెద్దాయనా?"

"వేశాను."

"ఆకు అణిగాక వెయ్యాలి. అది కోపం లాంటిది, మొదట్లో పెద్దగా కనపడుతుంది."

"మరి ఇసుక?"

"అది మీరే కనిపెట్టండి. అన్నీ నేనే చెబితే ఎలా?" అని నవ్వి, ఇంకో మనిషికి కొత్తిమీర కట్టివ్వడంలో పడింది.

ఆయన దారంతా ఆలోచిస్తూ నడిచాడు. లేత్ మిషన్ కింద తొట్టి ఒకటి ఉంటుంది. కడ్డీ వేడెక్కకుండా పైన పోసే నీళ్లు ఇనుప రజనుతో కలిసి అందులో పడతాయి. రజను అడుక్కు దిగుతుంది, పై తేట మళ్లీ మిషన్‌కు వెళుతుంది. అడుగు కదపకూడదు, అంతే కిటుకు. ఇంటికి రాగానే పెద్ద బేసిన్ నిండా నీళ్లు పట్టి, ఫ్రిజ్‌లో మిగిల్చిన ఆకు ముంచి, కదిపి, కాసేపు వదిలేశాడు. తర్వాత నీళ్లు ఒంపకుండా ఆకును రెండు చేతుల్తో పైకి తీశాడు. బేసిన్ అడుగున ఇసుక సన్నని పొరలా కనిపించింది. మూడోసారికి అడుగు అద్దంలా ఉంది. ముప్ఫై నాలుగేళ్లుగా తెలిసిన సంగతి తన ఇంటి కుళాయి దగ్గర గుర్తుకు రాలేదేమని ఆయనకు నవ్వొచ్చింది.

ఆ పూట కూర తినేలా ఉంది. మర్నాడు పాలకూర తెచ్చాడు, మూతపెట్టి బురద చేశాడు. ఆ మర్నాడు మెంతికూర చేదెక్కింది. పిచ్చుక మాత్రం ఓ పుస్తకం పెట్టుకుని తాత వంటకు మార్కులు వెయ్యడం మొదలుపెట్టింది. పదికి మూడుతో మొదలై వారం తిరిగేసరికి ఆరుకు వచ్చాడు.

వంట మొదలుపెట్టిన పదో రోజున మనవరాలు బడికి వెళ్లాక ఆయన తోటకూర పొయ్యి మీద పెట్టాడు. కోడలు వంటింటి గడపలో వచ్చి నిలబడింది. మందు వేసుకోవడానికి నీళ్ల కోసం వచ్చింది. నీళ్లు తాగినా వెళ్లలేదు. ఆయన కాడలూ ఆకులూ కలిపి మూకుట్లో వెయ్యబోతుంటే ఉండబట్టలేక అంది.

"కాడలు ముందు వెయ్యండి మావయ్యా. అవి మగ్గాక ఆకు."

రెండేళ్ల తర్వాత ఆవిడ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదేనేమో. ఆయన తిరిగి చూస్తే ఎక్కడ ఆగిపోతుందోనని తిరగకుండానే కాడలు వేశాడు.

"ఇప్పుడు?"

"మంట తగ్గించండి. మూత వద్దు, రంగు పోతుంది."

ఆకు వేశాడు, అణిగాక ఉప్పు వేశాడు.

"దించెయ్యనా?"

"దించి, ఆ మిగతా వెల్లుల్లి పచ్చిది నలిపి వేసి, అప్పుడు మూతపెట్టండి. రెండు నిమిషాలు."

"వెల్లుల్లి మొదట వేయించానుగా."

"సగం మొదట వేయించాలి, సగం చివర పచ్చిది" అని చెప్పి కోడలు చటుక్కున ఆగిపోయింది. నోరు జారిన మనిషిలా తలుపు పట్టుకుంది.

ఆయన అది గమనించలేదు. చెప్పినట్టే చేశాడు. రెండు నిమిషాలు గడియారం చూసి మూత తీశాడు. ఆవిరి మొహానికి కొట్టింది. వర్క్‌షాపులో చివరి రోజుల్లో ఒంటిగంట సైరన్ మోగాక, చేతులకు గ్రీజు కడుక్కుని, టిఫిన్ డబ్బా మూత తీస్తే వచ్చిన వాసన ఇది. పక్క మిషన్‌వాళ్లు డబ్బా మీదికి వంగి, "మీ ఇంట్లో ఏం వేస్తారో గానీ" అనేవారు. చెంచాతో కొంచెం తీసి నోట్లో వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇది మీ అత్తయ్య చేసే కూర" అన్నాడు. "నీకు నేర్పిందా?"

కోడలు నీళ్ల గ్లాసు గట్టు మీద పెట్టింది.

"నేర్పలేదు మావయ్యా. అది నా కూరే. ఆ చివరి ఏడాది పైచిలుకు పొయ్యి దగ్గర నిలబడితే ఆవిడకు ఆయాసం వచ్చేది. నేను డ్యూటీకి వెళ్లేలోపు వండి పెట్టేదాన్ని. మీరు లేచేసరికి ఆవిడ డబ్బా కట్టి ఉంచేది. మీకు చెప్పొద్దని నాతో మాట తీసుకుంది. తెలిస్తే పని మానేసి ఇంట్లో కూర్చుంటారని భయం."

పెద్దాయన పొయ్యి ఆర్పి స్టూలు మీద కూలబడ్డాడు. భార్య మెట్లెక్కుతూ ఆగడం, గోడ పట్టుకోవడం ఆయన చూశాడు. వయసు మీద పడిందనుకున్నాడు. ఏడాది పైచిలుకులో ఒక్క పొద్దున్నయినా ఈ గదిలోకి తొంగి చూసి ఉంటే తెలిసేది. అణువణువూ కొలిచే కళ్లు ఇంట్లో ఏం చూశాయి?

"మరి చెల్లెలు వచ్చిన రోజు?"

"అదీ ఇలాగే వండాను. ఏం తేడా లేదు. ఆ రోజు మీకు ఏం తిన్నా మట్టిలాగే ఉండి ఉంటుంది."

"అంత మాటంటే ఎలా ఊరుకున్నావమ్మా? అప్పుడే చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? ఆవిడ పోయాక మీకు మిగిలింది ఆ రుచి ఒక్కటే. అదీ ఆవిడది కాదని ఎలా చెప్పను? కోపం వచ్చింది, రాలేదనను. రోజూ వచ్చేది. కానీ చెప్పబుద్ధి కాలేదు."

ఆయన వంటింటిని ఒకసారి కలియజూశాడు. "నువ్వు వండుతుంటే ఆవిడ ఎక్కడ కూర్చునేది?" అని అడిగాడు.

కోడలు కిటికీ పక్కన చూపించింది. "ఇక్కడే, స్టూలు వేసుకుని. ఆకు మొత్తం ఆవిడే ఏరేది. ఒక్క పుచ్చాకు రానిచ్చేది కాదు. కబుర్లు చెబుతూ ఏరేది, ఎక్కువగా మీ మీద ఫిర్యాదులే. కాబట్టి కూరలో సగం ఆవిడదే అనుకోండి మావయ్యా. అబద్ధమేమీ కాదు."

ఇద్దరూ ఆ పూట వంటింట్లోనే కింద కూర్చుని తిన్నారు. ఫిర్యాదులేమిటో చెప్పమని ఆయన అడిగాడు. ఆవిడ చెప్పింది. చెప్పులు విప్పిన చోటు దగ్గర్నుంచి గురక దాకా జాబితా పెద్దదే. తింటూ తింటూ ఆయన రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు, మూడుసార్లు నవ్వాడు.

సాయంత్రం హాల్లో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేశాడు. కోడలు బట్టలు మడతపెడుతున్న గదిలోకి వినబడేలా మాట్లాడాడు. నలుగురిలో అన్న మాట కాబట్టి నలుగురికీ వినబడేలానే వెనక్కి తీసుకోవాలని ఆయన లెక్క.

"ఆ రోజు తోటకూర గురించి నేనన్నది తప్పే చెల్లీ. నేను మెచ్చుకున్నదీ కోడలి వంటే, వంక పెట్టిందీ కోడలి వంటే. మీ ఆయనకు కూడా చెప్పు. పిల్లలకూ చెప్పు." అవతల చెల్లెలు ఏమేమో అడుగుతోంది. ఆయన మొదటి నుంచి ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. పక్కగదిలో కోడలు ఒకే తువ్వాలును మూడుసార్లు మడతపెట్టింది.

తర్వాతి వారం కొడుకు లోడు దించి ఇంటికి వచ్చాడు. తండ్రి గరిటె పట్టుకుని ఉన్నాడు. భార్య పక్కన నిలబడి, "మంట ఎక్కువైంది మిల్లీమీటర్ మావయ్యా, చూసుకోరేం?" అని కసురుతోంది. అతను తాళంచెవులు చేతిలోనే పెట్టుకుని గడపలో నిలబడిపోయాడు. ఇల్లు మారి వచ్చానా అని అడిగాడు. "కాళ్లు కడుక్కుని రా, ఆకు ఏరాలి" అన్నాడు తండ్రి.

కట్టు విప్పాక కోడలి వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మెత్తటి బంతి నొక్కమని ఆస్పత్రిలో ఇచ్చారు. బంతితో విసుగొచ్చి కోడలు కిటికీ పక్కన కూర్చుని ఆకులు గిల్లడం మొదలుపెట్టింది. మొదట్లో కాడ తుంచడానికే చెమటలు పట్టేవి. పోనుపోను వేళ్లు మాట విన్నాయి. మళ్లీ డ్యూటీలో చేరే రోజు దగ్గరపడింది. ఎవరు ఏ రోజు వండాలో పిచ్చుక ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. తాతకు వారానికి నాలుగు రోజులు పడ్డాయి. ఆయన లెక్క సరిచూసి, సరేనన్నాడు.

డ్యూటీలో చేరే ముందు ఆదివారం మావాకోడళ్లు ఇద్దరూ కలిసి సంచీ పట్టుకుని వీధి చివరకు వెళ్లారు. కూరలావిడ బుట్టలో ఎర్రటి ఈనెలున్న ఆకు ఒకటి కొత్తగా వచ్చింది. అంచులు చిన్న రంపంలా ఉన్నాయి. ఇద్దరూ ఎప్పుడూ చూడలేదు.

"ఇదేం ఆకు?" అని అడిగాడు ఆయన.

"పేరు నాకూ తెలీదు. తోటవాళ్లు ఇచ్చారు. తిన్నవాళ్లు బాగుందన్నారు."

ఆయన ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసి కోడలికి ఇచ్చాడు. ఆవిడ చివర కొంచెం కొరికి, కళ్లు చిట్లించి నమిలింది.

"పుల్లగా ఉంది. కొంచెం చేదు కూడా."

"ఎలా వండుతారంటావ్?"

"తెలీదు మావయ్యా."

"రెండు కట్టలు ఇవ్వమ్మా" అని ఆయన సంచీ మూతి విప్పి పట్టుకున్నాడు.