దీవి మీద పోట్లాట

బుల్లి ఆ దీవిని మొదట చూసింది ఆసుపత్రి మంచం మీంచి. డయాలసిస్ గదికి ఉన్న ఒకే ఒక్క పెద్ద కిటికీ సముద్రం వైపు తెరుచుకునేది. చేతికి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా యంత్రంలోంచి తిరిగొచ్చేదాకా కదలకుండా పడుకోవాలి కాబట్టి ఆమె చూపెప్పుడూ ఆ కిటికీ మీదే ఉండేది. దూరంగా పచ్చటి కొండ, కొండ మీద తెల్లటి లైట్‌హౌసు, దాని వైపు నింపాదిగా సాగే ఫెర్రీ. అక్కడ కార్లుండవనీ, వెళ్ళినవాళ్ళు సైకిళ్ళు అద్దెకు తీసుకుని దీవంతా చుట్టి వస్తారనీ నర్సు చెప్పింది. రోజు విడిచి రోజు యంత్రానికి కట్టుబడ్డ మనిషికి ఆ దీవీ చంద్రమండలమూ ఒకటే దూరం.

పేరుకు బుల్లి గానీ ఆమెకు నలభై దగ్గర పడ్డాయి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. అన్నయ్యా వదినా నడిపే లాండ్రీ పైన ఉన్న గదిలో ఉండేది. కిడ్నీలు పాడైనప్పుడు నాది ఇస్తానని అన్నయ్య ముందుకొస్తే, షుగరుంది కుదరదన్నారు డాక్టర్లు. ఆ కబురు విన్న వదిన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, చేతులు తుడుచుకుని, అయితే నాది చూడమనండి అంది. చూశారు. సరిపోయింది.

ఆపరేషనై రెండేళ్ళు నిండాక, పడకుండా ఉంటానంటే సైకిలు తొక్కొచ్చన్నాడు డాక్టరు. కొత్త కిడ్నీ పొత్తికడుపులో ముందు వైపు ఉంటుంది, దానికి దెబ్బ తగలకూడదు. బుల్లి ఆ మాట ఇంట్లో చెప్పిన వారంలోనే, లాండ్రీకి సెలవు రోజు చూసి దీవికి ప్రయాణం పెట్టి, వదిన ఇద్దరికీ ఎండ టోపీలు కొనుక్కొచ్చింది. అన్నయ్య మాత్రం తనకు సైకిలెక్కే వయసు దాటిపోయిందని చెప్పి తప్పించుకున్నాడు.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరూ రేవుకు చేరారు. రొట్టె, ఉడికించిన గుడ్లు, కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలు, బుల్లి వేసుకోవాల్సిన మాత్రలు అన్నీ వదిన భుజాన ఉన్న సంచిలోనే ఉన్నాయి. ఫెర్రీ కదిలింది. గాలికి బుల్లి టోపీ ఎగరబోతే పట్టుకుని నవ్వుతూ పక్కకు చూసింది. వదిన నవ్వడం లేదు. ఇనుప స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

ఆపరేషన్ థియేటర్లోకి స్ట్రెచరు మీద వెళ్తూ, నా చెప్పులు జాగ్రత్త అని అన్నయ్యకు చెప్పి మరీ వెళ్ళిన మనిషి ఈమె. నీళ్ళంటే ఇంత భయమని ఇన్నేళ్ళలో ఎవరికీ తెలియదు.

“మీరు లోపలికొచ్చి కూర్చోండి వదినా. వెనక్కి వెళ్ళిపోదామా?” అంది బుల్లి.

“నన్ను మాట్లాడించకు,” అంది వదిన కళ్ళు తెరవకుండానే.

దీవి మీద కాలు పెట్టగానే వదినకు ప్రాణం లేచొచ్చింది. సైకిళ్ళ షెడ్డులో బ్రేకులు నొక్కి చూసి, టైర్లు వేళ్ళతో అదిమి, రెండు సైకిళ్ళు వద్దని పక్కన పెట్టించి మరీ ఎంచింది. పెళ్ళైన కొత్తలో ఉతికిన బట్టల మూటలు సైకిలు వెనక కట్టుకుని ఊరంతా తిరిగింది ఆమే. బుల్లి మాత్రం జబ్బు పడ్డాక సైకిలు ముట్టుకోలేదు. మొదట హ్యాండిలు పాములా మెలికలు తిరిగింది. తర్వాత ఒళ్ళే పాత అలవాటు గుర్తు చేసుకుంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క పొదలు, కింద చక్రాల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. తన ఊపిరి తనకు వినిపిస్తోంది. ఆ ఊపిరిలో ఆయాసం లేకపోవడం చూసి ఆమె ఇంకాస్త గట్టిగా తొక్కింది.

కాసేపటికి దారి రెండుగా చీలింది. ఒకటి సముద్రం వెంట చదునుగా పోయేది, రెండోది కొండ మీది లైట్‌హౌసుకు. వదిన చదును దారి పట్టబోయింది. ఎండెక్కుతోంది, నువ్వు కొండెక్కలేవు అంది.

బుల్లికి కొండ మీదికే వెళ్ళాలనుంది. అయినా తల వంచుకుని, “మీ ఇష్టం వదినా,” అంది.

వదిన సైకిలు దిగింది. స్టాండు వేసి, టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

“నన్ను ఎప్పట్నుంచి మీరంటున్నావో తెలుసా? ఆపరేషనయిన దగ్గర్నుంచి. అంతకుముందు నువ్వనేదానివి. కోపమొస్తే అదీ లేదు, గోడకు చెప్పేదానివి.”

ఒకప్పుడు వాళ్ళిద్దరూ రేడియో సౌండు దగ్గర, మెట్ల మీద ఆరేసిన తువ్వాళ్ళ దగ్గర తగువులాడి, రోజుల తరబడి మాటల్లేకుండా ఉన్న మాట నిజమే. మధ్యలో అన్నయ్య ఇద్దరి కబుర్లూ మోసి అలిసిపోయేవాడు. ఆ తగువులు ఎప్పుడు ఆగిపోయాయో ఆమె గమనించనే లేదు.

“కూర ఉప్పు కషాయమైనా బాగుందంటావు,” అంది వదిన. “నీ మంచి చొక్కా కాల్చేస్తే పర్లేదన్నావు. నేను కూర్చోమంటే కూర్చుంటావు, లెమ్మంటే లేస్తావు. ఇంట్లో చుట్టాన్ని పెట్టుకున్నట్టుంది నాకు.”

“మరి ఎలా పోట్లాడను?” బుల్లి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. “ఒళ్ళు కోసి ఇచ్చావు. ఇంత తీసుకుని ఉప్పెక్కువైందని ఏ నోటితో అనను? పొద్దున్నే బాత్రూంకి వెళ్ళిన ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు తెలుసా?”

వదిన టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. “నేను గుర్తు రావడానికి నీకు వేరే చోటే దొరకలేదా?”

బుల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సైకిలు పట్టుకునే నిలబడి రెండూ కానిచ్చింది. వదిన తన చొక్కా అంచుతో ఆమె ముక్కు తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు.

“నాతో పోట్లాడే మరదలు బతికుండాలని ఇచ్చాను. దణ్ణాలు పెట్టించుకోడానికి కాదు,” అంది.

“అయితే కొండ మీదికే పోదాం. నువ్వు చెప్పినట్టే ఎందుకు వినాలి?”

“ఎక్కలేక మధ్యలో కూలబడితే నేను మోయను.”

“మోయొద్దు. ఆ సంచి ఇటివ్వు ముందు.”

సంచి ఎవరు మోయాలన్న తగువుతో మొదలై, కాలిన చొక్కా మీదుగా, ఎప్పటివో తువ్వాళ్ళ దాకా వెళ్ళింది పోట్లాట. దారి నిటారుగా ఉన్నచోట దిగి సైకిళ్ళు తోసుకుంటూ నడిచారు. ఎదురుగా దిగి వస్తున్న ముసలి జంట ఒకటి వీళ్ళ మాటలు విని జాగ్రత్తగా పక్కకు తప్పుకుంది. సగం దూరంలో వదినకే ఆయాసం వచ్చింది. ఆ సంగతి బుల్లి పైకి చేరేదాకా గుర్తు చేస్తూనే ఉంది.

లైట్‌హౌసు గోడ నీడలో కూర్చున్నారు. కింద దీవంతా కనిపిస్తోంది, దాని అవతల నీళ్ళు, నీళ్ళకవతల వాళ్ళ ఊరు. ఊరి చివర ఆసుపత్రి మేడ అగ్గిపెట్టంత ఉంది. నీ కిటికీ ఏదని వదిన అడిగితే బుల్లి చాలాసేపు వెతికింది. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఈ పూట కూడా అక్కడెవరో పడుకుని ఇటే చూస్తూ ఉంటారని మాత్రం చెప్పింది. వాళ్ళకూ ఒక వదిన దొరకాలని మనసులో అనుకుంది.

నీళ్ళ సీసా తీసి ఆపకుండా తాగింది. డయాలసిస్ రోజుల్లో నీళ్ళు కొలిచి తాగాలి. నాలుక పిడచకట్టుకుపోతే ఐసు ముక్క నోట్లో పెట్టుకుని, అది కరగకూడదని దవడన దాచుకునేది. ఇప్పుడు కావలసినంత తాగమంటున్నారు. గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకోలేదు కూడా. వదిన గుడ్డు పెంకు ఒలుస్తూ ఓరగా చూసింది. ఎంత వద్దన్నా బుల్లికి చేతులు జోడించాలనిపించింది. జోడిస్తే చీవాట్లు తప్పవు. అందుకని ఒలిచిన గుడ్డు వదిన చేతిలోంచి లాక్కుని తినేసింది. వదిన ఇంకోటి తీసింది, మొహం వెలిగిపోతుండగా.

తిరుగు ఫెర్రీలో అలలు ఎక్కువయ్యాయి. వదిన మళ్ళీ స్తంభాన్ని పట్టుకుంది. ఈసారి బుల్లి కూడా అదే స్తంభాన్ని పట్టుకుని, ఆమె వీపు చుట్టూ చెయ్యి వేసి నిలబడింది.

“వంతెన కట్టాక మళ్ళీ వద్దాం,” అంది వదిన పళ్ళు బిగించి.

“ఎప్పుడు కడతారు?”

“ఎప్పుడైనా కట్టనీ. నాకేం తొందర లేదు.”

బుల్లి నవ్వుతుంటే ఆ కుదుపుకు ఇద్దరూ ఊగారు. రేవు దగ్గరపడే దాకా వదిన కళ్ళు తెరవలేదు, స్తంభమూ వదల్లేదు.

మర్నాడు షాపులో బుల్లి స్టూలు మీద కూర్చోలేకపోయింది. తొడలు, పిక్కలు, భుజాలు అన్నీ సలుపుతున్నాయి. ఒంట్లో బాగాలేదేమోనని షాపు యజమాని కంగారుపడి ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు. ఇన్నేళ్ళలో ఆమె చాలా రకాల నొప్పులు చూసింది. ఇది మాత్రం వాటి జాతి కాదు.

“బాగానే ఉందండీ. నిన్న కొండెక్కాను,” అని చెప్పి, నిలబడే అద్దం అరగదీయడం మొదలుపెట్టింది.