అగ్గిపెట్టె లేని డబ్బా

ఉద్దానం తీరాన ఒక జాలరి ఊరు. ఆ ఊరి పడవ ఏదైనా సముద్రంలోకి దిగిందంటే అందులో అగ్గిడబ్బా ఉండాల్సిందే. పెద్ద సరంజామా ఏమీ కాదు. పాత పాలపొడి డబ్బాలో కొబ్బరిపీచు, పలాస ఫ్యాక్టరీల్లో పారేసే జీడితొక్కలు, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన అగ్గిపెట్టె. మూత చుట్టూ తడి చొరకుండా కొవ్వొత్తి మైనం. జీడితొక్కలో నూనె ఉంటుంది గదా, ఒకసారి అంటుకుందంటే జల్లుకి కూడా లొంగదు. దారి తప్పినవాళ్ళకి ఆ మంటే దిక్కు. డబ్బా నింపేది ఇంటి పెద్దకోడలు. ఒడ్డున మగాళ్ళు మూత తియ్యరు. తీసి చూస్తే ఆపదని పిలిచినట్టేనట! ఏం పట్టింపో ఏమో.

కన్నమ్మ నూకాలమ్మ ఇంటి పెద్దకోడలు. ముసురు పట్టిన ఆ అక్టోబరు పొద్దున ఇంట్లో అగ్గిపెట్టె చెమ్మగిల్లి, ఒక్క పుల్లా అంటుకోలేదు. మొగుడు నారాయణ, మరిది యువరాజు వేటకి బయల్దేరుతున్నారు. ఖాళీ కడుపుతో ఎలా పంపుతుంది? డబ్బా మూత మైనం గీకి తీసి, అందులోని అగ్గిపెట్టెతో పొయ్యి రాజేసి గంజి కాచింది. తిరిగి పెడదామనుకుంటూనే మూత నొక్కేసి, గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళింది. వచ్చేసరికి డబ్బా లేదు. అగ్గిపెట్టె పొయ్యి పక్కనే ఉంది. ఒడ్డుకి పరిగెత్తింది గానీ పడవ అప్పటికే అలలు దాటిపోయింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. సాయంత్రానికి మిగతా పడవలన్నీ వచ్చేశాయి.

"బయమేటి వొదినా! నీ సేతి డబ్బా ఉంది గదా. అగ్గెలిగిత్తే ఎవులో ఒకలు సూత్తారు" అన్నాడు పక్కింటి జోగారావు.

కన్నమ్మ తలూపింది. ఏడుపు రాలేదు. మూడు రోజులు నీళ్ళు తోడింది, వాకిలి ఊడ్చింది. మనసూ ఒళ్ళూ మొద్దుబారిపోయాయి. ఎవరైనా పిలిస్తే, ఆ పేరు తనదేనని తెలియడానికి కాస్త సేపు పట్టేది. అత్త నూకాలమ్మ మాత్రం ఒడ్డు వదల్లేదు.

నాలుగో రోజు నారాయణ వచ్చాడు, ఒక్కడే. ఒడిశా జాలర్లు నీళ్ళలోంచి తీసి రైలెక్కిస్తే, పలాసలో దిగి ఆటోలో వచ్చాడు. ఇంజను ఆగిపోయిందట. దూరంగా ఒక పెద్ద పడవ పోయిందట. మర్నాడు వీళ్ళది తిరగబడిందట. తమ్ముడు పడవని ఎంతోసేపు పట్టుకుని, చివరికి చెయ్యి వదిలేశాడట.

"పెద్ద పడవ కనపడిందంతన్నావు. మరి అగ్గెందుకెలిగించనేదురా?" అంది నూకాలమ్మ.

నారాయణ కన్నమ్మ వైపు ఒక్కసారి చూశాడు. డబ్బా తీసి చూశాడని ఆమెకి తెలిసిపోయింది.

"డబ్బా నా సేతిలోంచి జారి నీల్లలో పడిపోనాదమ్మా. తప్పు నాదే."

"నా బిడ్డని సంపీసినావురా!" తల్లి రెండు చేతులా అతని రొమ్ము మీద బాదుతోంది. అతను కదల్లేదు. కన్నమ్మ ఆ దెబ్బల్ని లెక్కపెడుతున్నట్టు చూస్తూ నిలబడింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఎక్కడో నొప్పి తెలిసింది.

"ఆయన్ని కొట్టకత్తా. డబ్బాలో అగ్గిపెట్టె నేదు. పొయ్యెలిగించడానికి నానే తీసీసినాను."

నూకాలమ్మ చేతులు ఆగిపోయాయి. కోడలి మొహంలోకి చూసింది. నేల మీద కూలబడింది.

"ఎందుకు సెప్పినావే?" అన్నాడు నారాయణ చిన్నగా. "నామీదైతే ఆ కోపం ఎప్పుడికైనా పోయేది. నాను కొడుకుని గదే."