తడి గడ్డి

సంతలో నడుంలోతు నీళ్లు నిలిచిన వరద ఏడాది అది. నీళ్లు తీసిన నెలకు పొగమంచు మొదలైంది. మా విమానాశ్రయంలో రన్‌వే ఒక్కటే. అటు పక్క వైమానిక దళం, ఇటు పక్క బ్యాంకాక్ విమానం. మధ్యలో గడ్డి. ఆ గడ్డి కోసేది నేను. వాతావరణ గది ఊడ్చేది నా భార్య లమ్‌దువన్.

జీతం ఊడ్చినందుకే. కానీ ఆమె నాలుగింటికి లేచి జిగురుబియ్యం ఆవిరికి పెట్టి, నా డబ్బా కట్టి, గది ఊడ్చి, ఆరింటికల్లా చూపు ఎంతదూరం ఆనుతుందో చెప్పడానికి మెట్ల మీద నిలబడేది. నీళ్ల ట్యాంకు కనబడితే కిలోమీటరు. రైసుమిల్లు గొట్టం కనబడితే మూడు. గుట్ట మీది స్తూపం కనబడితే అయిదు. ఆ లెక్క రాయాల్సిన సార్జెంట్ విచిత్ కుర్చీలోంచి లేవకుండానే కేకేసేవాడు.

"పిన్నీ, ఇవాళ ఎంతవరకు?"

ఆమె చెప్పేది, అతను పుస్తకంలో రాసుకునేవాడు. కింద సంతకం అతనిది. ఆ రాతకి అతనికి రెండుసార్లు మెచ్చుకోలు పత్రం వచ్చింది. గోడ మీది ఆ పత్రాల దుమ్ము తుడిచేదీ ఆమే.

"నా చూపు కింద వాడి పేరు రాసుకుంటున్నాడయ్యా," అంది ఒకసారి ఇంట్లో.

"మనకెందుకు," అన్నాను. ఆమెతో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఒక రోజు మంచులో ట్యాంకుకి కాళ్లు మాత్రమే ఉన్నాయి. దళం విమానాలు విన్యాసానికి లేవాలి, అయిదు ఉంటేనే లేవనిస్తారు. కమాండర్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను మెట్ల పక్కన మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను.

"మిల్లు కూడా లేదు బాబూ. ఎవర్నీ దించకండి," అంది లమ్‌దువన్.

"నువ్వొచ్చింది ఊడవడానికి పిన్నీ. ఊడువు," అని విచిత్ నవ్వి, అయిదు అని రాశాడు.

దళం కోసం రాసిన ఆ అయిదునే బ్యాంకాక్ విమానానికీ చెప్పారు. అది రన్‌వే తప్పి బురదలో దిగబడింది. ఎవరూ పోలేదు. ఒక పాపకి చెయ్యి విరిగింది.

"స్తూపం కనబడుతోందని ఊడ్చే ఆవిడ చెప్పింది సార్, నమ్మాను," అన్నాడు విచిత్.

కమాండర్ నన్ను పిలిపించాడు. తలుపు దగ్గర ఆమె చీపురుతో నిలబడి ఉంది.

"పెద్దాయనా, నువ్వక్కడే ఉన్నావట. మీ ఆవిడ ఏమంది?"

"గడ్డి యంత్రం మోత సార్. వినబడలేదు."

మధ్యాహ్నానికి ఆమె పని పోయింది. ఆ పుస్తకంలో ఆమె పేరు మొదటిసారి ఎక్కింది, తప్పు చేసిన మనిషిగా.

సాయంత్రం ఎప్పటిలాగే అన్నం బుట్ట నా ముందు పెట్టింది. తను తినలేదు.

"గడ్డి తడిగా ఉంటే నువ్వు యంత్రం ముట్టుకోవు. మంచు విడిచేదాకా మోకాళ్లు పట్టుకుని కూర్చుంటావు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, నాకు తెలీదా? నాకు నోరెక్కువని మీ అమ్మ పదిమందిలో అన్నప్పుడు నువ్వు మాట్లాడలేదు. జ్వరంలో కూడా నేనే పొయ్యి దగ్గర కూర్చుంటే మాట్లాడలేదు. వాడు నా కళ్లు వాడుకుంటుంటే మాట్లాడలేదు. మా ఆయన మాట తక్కువ మనిషి, మంచివాడు అని సంతంతా చెప్పుకున్నాను. నీ మౌనానికి మంచితనం అని నేనే పేరు పెట్టుకున్నాను. ఇవాళ మాట్లాడావు. ఇన్నేళ్లకి నోరు తెరిచి నువ్వన్నది అదీ."

చేతిలో ఉండ చేసిన అన్నం చేతిలోనే ఉండిపోయింది.

"రేపు మా అక్క దగ్గరికి పోతున్నా. అక్కడ ఏం చూసినా నాకోసమే చూస్తా."

మర్నాడు పొయ్యి వెలగలేదు. నేను చీకటితోనే మైదానానికి వెళ్లిపోయాను. మళ్లీ మంచు. గడ్డి పాదాలు తడిసేంత తడిగా ఉంది. ఆరింటికి ఆమె సంచితో కంచె అవతలి దారిలో వచ్చింది. నాకెదురుగా ఆగి, కంచె తీగ పట్టుకుంది. నోరు తెరవబోయింది. నేను యంత్రం తాడు లాగాను. తడి గడ్డి చుట్టుకుని బ్లేడు అరిచింది. ఆమె పెదవులు కదిలాయి, చాలాసేపే కదిలాయి. ఆ రోజు మాత్రం నాకు నిజంగానే వినబడలేదు.