టోపీకి చిల్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మాయి అంటుంది. ఉండదా మరి? నలభై ఏళ్లుగా మంచి మంచి బట్టలు కుట్టిన చేతులతో, ఏడేళ్ల మనవరాలికి దూది కూరిన టోపీలు కుట్టాల్సి వచ్చింది. ఫిట్స్ వస్తే పిల్ల నిలువునా కూలిపోయేది. నెల తిరక్కుండానే టోపీ కుట్లు పిగిలేవి. అయినా ఒక్కోసారి తల పగిలేది, గాయానికి కుట్లు వేయాలని జుట్టు గొరిగేవారు. ఎన్ని మందులు మార్చినా అంతే.

చివరికి డాక్టరమ్మ కన్నాబిడయోల్ అనే నూనె మందు రాసింది. గంజాయి మొక్కలోంచి తీస్తారట! ఇంతెత్తున లేచాను.

"పసిదానికి గంజాయా? మతి ఉండే మాట్లాడుతున్నారా?"

"మత్తెక్కించేది వేరమ్మా, ఇది వేరు," అని నవ్విందావిడ. "పాత మందులు మానొద్దు. మూడు నెలలు చూద్దాం. తేడా లేకపోతే దీన్ని ఆపేద్దాం."

రోజూ రెండుపూటలా సిరంజితో నోట్లో పోస్తే నా బంగారం మూతి ముడిచేది. వచ్చిన ఫిట్స్ అన్నీ మా అమ్మాయి పుస్తకంలో రాసేది. పుస్తకంలో రాత తగ్గుతోంది, కానీ మా అమ్మాయికి నమ్మకం లేదు. "బళ్లో మనం చూడనివి ఎన్నో!" అనేది. తగ్గిందని పైకి అంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని నేనూ ఆ మాట ఎత్తలేదు.

మూడు నెలల గడువుకు ముందురోజు పిల్ల టోపీ తెచ్చి నా మిషను మీద విసిరింది.

"అమ్మమ్మా, బిగుతుగా ఉంది!"

"విసురుతావుటే గడుగ్గాయీ!" అని కసిరి, అలవాటుగా సూదిలో దారం ఎక్కించాను. టోపీ తిప్పి చూశాను. మళ్లీ చూశాను. కుట్టు ఒక్కచోట కాస్త సడలింది, అంతే. బడికీ ఆటకీ రెండు నెలలు పెట్టుకున్న టోపీ! మరి బిగుతెందుకు? దాని తల నిమిరాను. జుట్టు! గొరిగే పని లేక ఒత్తుగా పెరిగింది. కళ్లనీళ్లు కారుతుంటే పగలబడి నవ్వాను.

మర్నాడు ఆ టోపీనీ, పాత చిరుగుల టోపీనీ డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

"పుస్తకం సంగతి నాకు తెలీదు. కుట్టు అబద్ధమాడదు."

ఆవిడ రెండూ తిప్పి చూసింది. "పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి. మందు ఆపం. టోపీ కూడా అప్పుడే తీయకండి," అంది. మా అమ్మాయి నా భుజం మీద వాలి ఏడ్చేసింది.

ఇంటికి రాగానే మనవరాలి హుకుం: "అమ్మమ్మా, కొత్త టోపీకి వెనకాల కన్నం పెట్టు. నా పిలక బయటికి రావాలి."

బెత్తెడు కూడా లేదు పిలక, దానికి ఇంత షోకు! ఇన్నేళ్లూ ఆ టోపీల చిరుగులు కుట్టిన దాన్ని, మొదటిసారి నా చేతులారా కత్తెరతో చిల్లు పెట్టాను.