స్లెడ్ మీద పడవ

ఎలుగుబంటి వేటకి ఏ బండి వేసుకెళ్లాలని మా ఇంట్లో మూడు రోజులు గొడవైంది. వేట మాత్రం ఒక్క పూటే.

మాది అలాస్కాలో నది ఒడ్డు ఊరు. ఎలుగులుండేది అవతలి ఒడ్డున. ఏప్రిల్ చివర్లో అవి నిద్రలేచి, ఎండ తగిలే వాలు మీద కొత్త గడ్డి మేస్తుంటాయి. అప్పటికి నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలీదు. తెలుసనుకునేవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు. ఏటా నది మధ్యలో ఐస్ మీద నాలుగు దుంగలు నిలబెట్టి, వాటినుంచి ఒడ్డునున్న గడియారానికి తాడు కడతాం. ఐస్ కదిలితే గడియారం ఆగుతుంది, సైరన్ మోగుతుంది. అది ఏ రోజు, ఏ గంటకో ముందే చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. గెలిచినవాళ్ల పేరు ఏడాదంతా దుకాణం గోడ మీద ఉంటుంది.

మా వెండెల్ మావయ్య చీటీలో మే ఐదు, మధ్యాహ్నం రెండు అని ఉంది. ఈ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు, ఆయనే చెప్పాడు కాబట్టి. పదకొండేళ్లుగా వేస్తున్నాడు, ఇంతవరకూ ఆయన పేరు గోడెక్కలేదు.

మా పెరట్లో మూడు బండ్లున్నాయి. నాలుగు చక్రాల బండి పొద్దున గట్టి మంచు మీద బాగానే పోతుంది, మధ్యాహ్నానికి మంచు కరిగి ఇరుసుదాకా దిగబడుతుంది. దాని మాట ఎవరూ ఎత్తలేదు. తాతయ్య మంచుబండి పాతది, నత్తలా నడుస్తుంది, కానీ ఇద్దరం కలిస్తే ఎత్తి పక్కన పెట్టేంత తేలిక. మూడోది మావయ్య కొత్త మంచుబండి. గేదెంత బరువు, హ్యాండిల్‌కి వేడి, ముందు తెర. ఆ తెరలో ఏముంటుందో ఆయనకి ఇప్పటికీ తెలీదు, నన్నడుగుతాడు.

యూలా అమ్మమ్మ తాతయ్య బండే అంది. దాని వెనక మంచు మీద జారే చక్రాల్లేని స్లెడ్, స్లెడ్ మీద చిన్న అల్యూమినియం పడవ. వసంతంలో నది దాటే ప్రతివాళ్లూ మా వైపు అలాగే వెళ్తారు. ఐస్ ఉంటే బండి పడవని లాగుతుంది, లేకపోతే పడవ మనల్ని మోస్తుంది.

మావయ్య వినలేదు. ఎలుగుని లాక్కురావాలంటే కొత్త బండే కావాలన్నాడు. ఇద్దరూ తిరిగి నావైపు చూశారు. నేను ఫెయిర్‌బాంక్స్‌లో రెండేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివాను, ఊళ్లో ఇంటర్నెట్ టవర్ చూసుకుంటాను. ఆ చలికాలం సొంతంగా ఒక సెన్సర్ చేసి ఐస్‌లో దించాను. అది ముప్ఫై ఒక్క అంగుళాల మందం చూపిస్తోంది. లారీ ఎక్కినా విరగదని చెప్పాను, కాస్త గొప్పగానే.

"మందం సంగతి కాదే పిల్లా," అంది అమ్మమ్మ. "రంగు చూశావా? నల్లబడుతోంది. లోపలంతా పుల్లలు పుల్లలుగా విడిపోయుంటుంది. నీ మిషన్‌కి కళ్లున్నాయా?"

లేవు. రంగు సంగతి నాకు తట్టలేదు.

చివరికి కొత్త బండి, దాని వెనక పడవ అని ఒప్పందమైంది. మే రెండు పొద్దున నాలుగున్నరకి అమ్మమ్మ స్వయంగా పడవని స్లెడ్‌కి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసింది. మేం వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

ఊరికి మూడు మైళ్ల దిగువన పాత చేపల శిబిరం ఉంది. అక్కడినుంచి దాటాలి. ఆ వేళప్పుడు అక్కడ ఎవరూ లేరు. మావయ్య బండి ఆపి, దిగి, ముడి విప్పడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నావ్ మావయ్యా?"

"ఎలుగుకి చోటు కావాలి కదే."

"దాన్ని పడవలోనే వేసి తెస్తాం."

ఆయన ముడి విప్పుతూనే ఉన్నాడు. "వచ్చేటప్పుడు ఊరి ముందునుంచే రావాలి. ఒడ్డునిండా జనం. నేను పడవ లాక్కుంటూ వస్తే ఏమనుకుంటారు? ఐదో తారీకు మీద వీడికే నమ్మకం లేదనుకోరూ?"

నేను అడ్డుపడాల్సింది. కానీ ముప్ఫై ఒక్క అంగుళాలు నా అంకె. నా అంకె మీద నాకూ నమ్మకం లేదనుకోరూ? పడవ రెండో కొస పట్టుకుని, గులకరాళ్ల మీద దించింది నేనే.

హాయిగా దాటేశాం. పదకొండింటికి మావయ్య ఒకే తూటాతో మగ ఎలుగుని కొట్టాడు. చీల్చి, మాంసం, తోలు స్లెడ్‌కెత్తేసరికి మూడైంది. దారిలో మంచు అన్నంలా మెత్తబడిపోయింది. వాగు దాటుతుంటే మంచు కింద నీళ్ల చప్పుడు వినిపించింది. పొద్దున ఆ చప్పుడు లేదు.

నది దగ్గరికొచ్చేసరికి ఐస్ ఒడ్డుని వదిలేసింది. ఒడ్డుకీ ఐస్‌కీ మధ్య పన్నెండడుగుల వెడల్పున నల్లటి నీళ్లు. అవతల ఐస్ కూడా నల్లగానే ఉంది.

మావయ్య స్లెడ్ విప్పేశాడు. వేగంగా పోతే బండి నీళ్ల మీదనుంచి జారిపోతుంది, మా వైపు మగాళ్లందరూ చేసిందే. తనొక్కడే వెళ్లి పడవ తెస్తానని, నన్ను ఇక్కడే ఉండమన్నాడు. మామూలుగానే చెప్పాడు, దుకాణానికి వెళ్లొస్తానన్నట్టు.

"ఈ నీళ్లు దాటుతావు, సరే. అవతల ఐస్ బండిని మోస్తుందా?"

"ముప్ఫై ఒక్క అంగుళాలన్నావు కదే."

ఆ మాట ఎగతాళిగా అనలేదు. నిజంగా నమ్మాడు.

కొత్త బండ్లకి హ్యాండిల్ దగ్గర ఎర్ర తాడున్న తాళం ఉంటుంది. అది పీకితే ఇంజన్ ఆగిపోతుంది. నేను పీకి నీళ్లలోకి విసిరేశాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు అమ్మమ్మకి కూడా చెప్పను. రెండో తాళం ఇంట్లో ఉంది.

ఇంకా తిడుతుండగానే ఊరివైపునుంచి సైరన్ సన్నగా వినిపించింది. మావయ్య చెయ్యి దానంతటదే పైకి లేచింది, వాచీ చూసుకున్నాడు. నాలుగూ పది. మే రెండు.

తర్వాత ఐస్ కదిలింది. నది మొత్తం ఒక్క పలకలా జరిగి, మధ్యలో విరిగి, ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. మావయ్య దాటాల్సిన చోటు ఏదో కూడా తెలీకుండా పోయింది. ఆయన బండి సీటు మీద కూలబడి తిట్లు ఆపేశాడు.

అవతల శిబిరం దగ్గర ఐస్ గులకరాళ్ల మీదికి పాకింది. తిరిగి జారినప్పుడు పడవ దాని మీద ఉంది. నిటారుగా, తెడ్లు లోపలే, అమ్మమ్మ తాడు చుట్ట చుట్టినట్టే. మా ఎదురుగా నెమ్మదిగా దిగువకి వెళ్లిపోయింది.

ఫోన్ పనిచెయ్యదు. మలుపు దగ్గర గట్టు అడ్డం. టవర్ పెట్టేటప్పుడు, ఇటువైపు సిగ్నల్ అక్కర్లేదు, అక్కడెవరుంటారని కాగితం మీద రాసిచ్చింది నేనే.

"మా అమ్మ ఎవర్నో ఒకర్ని పంపిస్తుందిలే," అన్నాడు మావయ్య. "విమానం అడుగుతుంది."

"అడగదు మావయ్యా."

"ఎందుకడగదు?"

ఆయనకి అర్థమయ్యేదాకా ఆగాను. సైరన్ విన్న అమ్మమ్మ ఈపాటికి టీ పెట్టుకుని, పలకరించడానికి వచ్చినవాళ్లకి చెబుతూ ఉంటుంది. పడవ ఉంది, నేనే కట్టాను, ఐస్ పోయాక వారానికి వచ్చేస్తారు, కంగారు పడకండి అని.

దిగువన ఎక్కడో ఐస్ అడ్డం పడ్డట్టుంది, ముక్కలు నెమ్మదించాయి, నీళ్లు వెనక్కి తన్ని పైకెక్కుతున్నాయి. వెనక వాగు పొంగింది, మేమున్నది ఇప్పుడు చుట్టూ నీళ్లున్న దిబ్బ. నేనొక పుల్ల విరిచి, కత్తితో అంగుళానికొక గాటు పెట్టి, నీటి అంచున గుచ్చాను.

అరగంటకి నాలుగు గాట్లు మునిగాయి. మావయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఎంతుంది?" అనడిగాడు.

ఈసారి నేను అంకె చెప్పలేదు. ఆయనే చూసుకున్నాడు.